వెనుక చక్రపు నడక: పాత మోటారు సైకిళ్ల రోగనిదానము
(గ్రంథాలయ రజతోత్సవ ఉపన్యాసముల వరుసలో చదివినది)



ఈ ఇరువదియైదేండ్లలో ఈ మందిరమున పురాణములను గూర్చియు, ప్రబంధములను గూర్చియు పెద్దలెందరో ప్రసంగించిరి. నేను మోటారు సైకిలు వెనుక చక్రమును గూర్చి మాటలాడెదనని చెప్పగా కార్యదర్శిగారు ఒక్క క్షణము నా మొగము చూచి, పిమ్మట నవ్వి సమ్మతించిరి. గ్రామపు లెక్కలు వ్రాసికొనువానికి ఈ విషయముతో ఏమి పని యని మీలో కొందరికిని తోచవచ్చును. ఆరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము నెరిగినవారికి ఈ సందేహము కలుగనక్కరలేదు. ఋతుపర్ణ మహారాజు విదర్భకు పోవుచు త్రోవలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులను, కాయలను రథము మీదనుండియే లెక్కించి చెప్పెను. సారథియై యున్న బాహుకుడు, అనగా నలుడు, రాజు మాట యని ఊరక ఒప్పుకొనలేదు. రథము నిలిపి, దిగి, లెక్కించి, సరిపోయిన పిమ్మటనే నమ్మెను. అంతట రాజు తన లెక్కల విద్యను నలునకిచ్చెను. నలుడు తన అశ్వవిద్యను రాజునకిచ్చుటకు ఒప్పుకొనెను. లెక్క తెలిసినవాడును బండి తెలిసినవాడును ఒకరికొకరు గురువులైన కథ అది. మన ఊరి మెకానికు మేస్త్రిగారు జమాఖర్చులు వ్రాయుట నా వద్ద నేర్చుకొనిరి; నేను వారి కొట్టు ముందరి బల్లమీద కూర్చుండి ఈ విద్య నేర్చితిని. నేను ఋతుపర్ణుడను కాను గాని, ఇచ్చిపుచ్చుకొనుట మాత్రము అట్టిదే.

మన ఊర పాత బుల్లెట్లును, యెజ్డీలును ఇంకను తిరుగుచున్నవి. తండ్రి కొన్న బండిని కుమారుడు నడుపుచున్న ఇండ్లు కలవు. ఆ బండ్ల మీద ఒంటరిగా పోవుట అరుదు. వెనుక తల్లియో, భార్యయో, టాంకు మీద బిడ్డయో ఉండును. పోవు త్రోవ కాలువగట్టు. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పల్లము. అట్టి చోట బండి వెనుక భాగము ఊగినచో అది యంత్రమునకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. కావుననే ఈ విషయమును ఎన్నుకొంటిని.

ముందుగా వెనుక భాగపు నిర్మాణము తెలిసికొందము. 1930, 1940 దశకములనాటి మోటారు సైకిళ్లలో పెక్కింటికి వెనుక చక్రము చట్రమునకే గట్టిగా బిగింపబడి యుండెడిది. సీటు క్రింది స్ప్రింగులే నడుమునకు రక్షణ. ఇంగ్లాండునందలి రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1949లో అమ్మకమునకు తెచ్చిన 350 బుల్లెట్టునకు వెనుక స్వింగ్ ఆర్మును, రెండు షాక్ అబ్జార్బర్లను అమర్చిరి. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరున ఆ బండిని తయారు చేయనారంభించెను. మైసూరున 1961 నుండి జావాలును, తరువాత యెజ్డీలును తయారైనవి. ఆ కర్మాగారము 1996లో మూతపడినది. ఈ బండ్లన్నిటికిని వెనుక భాగపు పద్ధతి దాదాపు ఒక్కటే.

స్వింగ్ ఆర్మనగా వెనుక ఇరుసును రెండు ప్రక్కల పట్టుకొని, గేరుబాక్సు వెనుకనున్న అడ్డకడ్డీ మీద క్రిందికిని మీదికిని ఆడుచుండు ఇనుప చట్రము. తలుపునకు కీలు ఎట్టిదో, దీనికి ఆ కడ్డీయు దాని చుట్టునుండు బుష్షులును అట్టివి. కీలు వదులైన తలుపు క్రుంగి గడపకు రాచుకొనునట్లే, బుష్షు అరిగిన ఆర్ము చక్రమును ప్రక్కలకు పోనిచ్చును. ఇక షాకునందు రెండు వస్తువులు కలవు. పైకి కనబడునది స్ప్రింగు; లోపల దాగినది నూనె గొట్టము. స్ప్రింగు గుంత దెబ్బను అప్పుగా తీసికొనును. తీసికొన్నదంతయు తిరిగి ఇచ్చివేయును. అదియొక్కటే యున్నచో బండి ఎగిరి, పడి, మరల ఎగురుచుండును. నూనె సన్నని రంధ్రముల గుండా దూరుచు ఆ బలమును వేడిగా మార్చి ఖర్చు వ్రాసివేయును. బండి మోయునది స్ప్రింగు. బండిని కుదుటపరచునది నూనె. ఈ భేదము తెలియనిచో వైద్యము తప్పిపోవును.

ఇక రోగలక్షణములు. మన వాడుకలో అన్నిటికిని "బండి ఆడుచున్నది" అను ఒక్క మాటయే కలదు. కాని ఆ ఆటలో భేదములు కలవు. వేగము హెచ్చినపుడు బండి యంతయు సెకనుకు రెండు మూడు మార్లు మెల్లగా ఇటునటు ఊగినచో వెనుక చక్రమును, ఆర్మును, టైరును, బరువును అనుమానింపవలెను. వేగము తగ్గించునపుడు హ్యాండిలు మాత్రమే గబగబ వణికినచో ముందు చక్రమును, హ్యాండిలు క్రింది కోన్‌సెట్టును చూడవలెను. గుంత దాటిన తరువాత వెనుక భాగము రెండు మూడు సారులు ఎగిసినచో షాకులలో నూనె పని అయిపోయినది. చిన్న గుంతకే అడుగు తగిలి ధన్‌మని మ్రోగినచో స్ప్రింగు క్రుంగినది, లేదా బరువు మితిమీరినది. చేయి కొంచెము వదలినంతనే బండి ఒక ప్రక్కకు లాగినచో రెండు చక్రములును ఒక వరుసలో లేవు. గేరు వేసినపుడు వెనుక టక్కుమన్నచో చైనును, ఇరుసు నట్టును, బుల్లెట్టునకైతే వెనుక హబ్బులోని రబ్బరు ముక్కలను చూడవలెను.

లక్షణము తెలిసినంతనే విడిభాగము కొనుటకు పరుగెత్తరాదు. జమాఖర్చులలో తేడా వచ్చినపుడు లెక్కలవాడు ఏమి చేయును? ముందు కూడికలు సరిచూచును; పిమ్మట ఎక్కింపులు చూచును; అటుపిమ్మట రసీదులు వెదకును. ఖర్చులేని పరీక్ష ముందు. ఖర్చు పెట్టవలసినది చివర. తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకములని చెప్పుదురు. కారణమున్నచోట కార్యముండవలెను, కారణము తీసివేసినచో కార్యము పోవలెను. ఒకేమారు నాలుగు మార్చినచో ఏది కారణమో తెలియదు. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంత మాత్రమున కాకి బరువునకు పండు పడినదనరాదు గదా!

ఈ క్రమములో మొదటి పరీక్ష టైర్లు. బండి నడుపకముందు, టైరు చల్లగా నున్నపుడు గాలి చూడవలెను. పాత బుల్లెట్లకు ముందు 20, వెనుక 30 పౌండ్ల ప్రాంతము. వెనుక మనిషి కూర్చున్నపుడు వెనుక మరికొంత. బండితో వచ్చిన పుస్తకమున్నచో అందలి సంఖ్యయే ప్రమాణము. టైరు ప్రక్కను నాలుగంకెల ముద్ర యుండును. మొదటి రెండంకెలు వారమును, తక్కిన రెండు సంవత్సరమును చెప్పును. 2318 అనగా 2018వ సంవత్సరపు 23వ వారము. పూలు మిగిలియున్నను రబ్బరు గట్టిపడి పగుళ్లు వారిన టైరు పనికిరాదు. నడుమ అరిగి బల్లపరుపైన టైరు మలుపులో బండిని ఒక్కసారిగా ఒరగజేయును.

రెండవ పరీక్ష చక్రము. సెంటర్ స్టాండు వేసి, ఒక సుద్దముక్కను రిమ్మునకు చేరువగా కదలక పట్టుకొని చక్రమును త్రిప్పుడు. వంకర యున్నచోటనే సుద్ద అంటుకొనును. పానాతో పుల్లలను ఒక్కొక్కటిగా తట్టుడు. బిగువైనది ఖంగున పలుకును. వదులైనది మూగగా నుండును.

మూడవ పరీక్ష అన్నిటికంటె ముఖ్యము. చక్రమును ముందువైపున ఒక చేతను, వెనుకవైపున ఒక చేతను పట్టుకొని ప్రక్కలకు ఆడించుడు. ఆట కనబడినచో, అది ఎచ్చట నున్నదో తెలియుటకు మరియొకరు వ్రేలిని సంధిమీద ఉంచవలెను. ఆర్ము కదలక చక్రము మాత్రమే కదలినచో దోషము చక్రపు బేరింగులది. చక్రముతోపాటు ఆర్మును కదలుచు, గేరుబాక్సు వెనుకటి కీలువద్ద వ్రేలికి ఆట తగిలినచో దోషము బుష్షులది. "కొంచెమే గదా" యని ఉపేక్షింపరాదు. చిన్ననాడు నేర్చిన త్రైరాశికము వేయుడు. ఉదాహరణకు రెండు బుష్షుల నడుమ దూరము 200 మిల్లీమీటర్లు, కీలునుండి ఇరుసునకు దూరము 450 మిల్లీమీటర్లు అనుకొందము. కీలు ఒక ప్రక్క అర మిల్లీమీటరు తొలగినచో ఇరుసు ఒక మిల్లీమీటరునకు పైగా ప్రక్కకు జరుగును. టైరు వెనుక అంచు దాదాపు రెండు మిల్లీమీటర్లు జరుగును. మలుపున, వేగమున, బరువుతో ఆ రెండు మిల్లీమీటర్లు అటునిటు కొట్టుకొనుటయే మనము ఊగుట యనుచున్నాము.

నాలుగవ పరీక్ష దారముతో. పొడవైన నూలుత్రాడు మధ్యభాగమును వెనుక టైరు వెనుక చుట్టి, స్టాండు అడ్డురాని ఎత్తున రెండు కొనలను ఇరుప్రక్కల ముందునకు తెచ్చుడు. త్రాడు వెనుక టైరు ప్రక్కను వెనుక అంచునను ముందు అంచునను మెత్తగా తాకవలెను. హ్యాండిలు తిన్నగా నున్నపుడు ముందు టైరునకు ఇరువైపుల త్రాడు సమానదూరమున నుండవలెను; రెండు టైర్ల వెడల్పు ఒక్కటియైనచో రెండు ప్రక్కలను తాకియుండవలెను. బుల్లెట్టునకు చైను బిగించుటకు ఇరుసు రెండు కొనలను నత్తగుల్లవంటి బిళ్లలు కలవు. రెండు వైపుల ఒకే గంటి యుండవలెను. ఐనను గంట్లు అరిగియుండవచ్చును, ఆర్ము వంగియుండవచ్చును. కావున గంటి సాక్ష్యముకంటె త్రాడు సాక్ష్యమే మేలు.

చైను బిగించునపుడు చక్రమును త్రిప్పుచు, చైను మిక్కిలి బిగువైన చోటును కనుగొని, అచ్చట సుమారు 25 మిల్లీమీటర్ల ఆట విడువవలెను. ఆర్ము మీదికి లేచునపుడు ఇరుసు, కీలు, ముందరి పళ్లచక్రపు కేంద్రము ఒకే గీత మీదికి వచ్చినచో చైను అన్నిటికంటె బిగువగును. ఆ చోటు ముందుగానే విడువనిచో చైను ఆర్మును పట్టి ఆపును, బేరింగులును చెడును. పని ముగించి ఇరుసు నట్టు బిగించిన పిమ్మట వెనుక బ్రేకు కడ్డీని తిరిగి సరిచేయుట మరువరాదు. చక్రము జరిగినపుడు బ్రేకును మారిపోవును.

ఐదవ పరీక్ష షాకులు. బండిని నేలమీద నిలిపి, వెనుక భాగమును బలముగా అదిమి విడువుడు. ఒక్కసారి లేచి కుదుటపడినచో మేలు. మరల మరల ఊగినచో నూనె పని ముగిసినదని తెలియవలెను. కడ్డీమీద నూనె తడియు, దానికంటిన దుమ్మును ఇందుకు సాక్ష్యములు. స్ప్రింగు విప్పుటకు తగిన పనిముట్టు లేక ఇంటివద్ద ప్రయత్నింపకుడు. నొక్కబడిన స్ప్రింగు జారినచో వ్రేళ్లు పోవును. మేస్త్రి విప్పిన పిమ్మట గొట్టమును నిలువుగా పట్టి నాలుగైదు మారులు ఆడించి, అటుపిమ్మట లాగి చూడవలెను. లాగునపుడు ఎక్కువ బిగువు, నొక్కునపుడు తక్కువ బిగువు, నడుమ ఎచ్చటను బోలు లేకుండుట మంచి షాకునకు లక్షణములు. మార్చినచో రెండును కలిపి మార్చవలెను. ఒకటి ముసలియెద్దు, ఒకటి కోడె యైన కాడి ఎట్లు నడచునో రైతులకు నేను చెప్పనక్కరలేదు.

స్ప్రింగు సంగతి టేపుతో తేలును. స్టాండుమీద చక్రము వ్రేలాడునపుడు ఇరుసునుండి నిట్టనిలువుగా మడ్‌గార్డుమీది ఒక గుర్తువరకు కొలువుడు. పిమ్మట నడుపువాడు కూర్చుండగా మరల కొలువుడు. పాత బుల్లెట్టు వెనుక చక్రపు ఆట సుమారు 75 నుండి 80 మిల్లీమీటర్లు. కూర్చున్నపుడు అందులో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు దిగుట న్యాయము. అంతకు మించి దిగినచో షాకు క్రింది కట్టును ఒకటి రెండు మెట్లు త్రిప్పవచ్చును. కాని త్రిప్పినంతమాత్రమున స్ప్రింగు బలియదు. బండి వెనుక భాగము లేచును, అంతే. నూనె చచ్చిన షాకునకు ఇది వైద్యము కాదు. అట్లే చూపునకు బాగున్నవని పొడవైన షాకులు వేయించుదురు. వెనుక లేచినచో ముందరి కాళ్ల వాలు తగ్గి హ్యాండిలు చంచలమగును. ఒక రోగము మాన్పబోయి మరియొకటి కొనితెచ్చుకొనుటయే అది.

చివరకు ముందు చక్రమును నేలనుండి లేపి హ్యాండిలును మెల్లగా త్రిప్పి చూడవలెను. నడుమ గంటిపడినట్లు ఆగినచో కోన్‌సెట్టు చెడినది. ముందరి కాళ్లను క్రింద పట్టుకొని ముందువెనుకలకు లాగినపుడు టక్కుమన్నచో అది వదులైనది. వెనుక రోగమని తలచినది ముందు రోగమగుట పలుమారులు కలదు.

ఇక జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మూడేండ్ల క్రిందట మన ఊరి యువకుడొకడు తన పాత బుల్లెట్టు ఊగుచున్నదని పట్టణమునకు తీసికొనిపోయెను. అచ్చట కొత్త షాకులు వేసిరి. కొన్ని దినములు బాగున్నట్లు తోచెను. ఒకనాటి సాయంకాలము తల్లిని ఆసుపత్రినుండి తీసికొనివచ్చుచు కాలువగట్టు మలుపున ఒక గుంతను దాటెను. బండి వెనుక భాగము రెండు మారులు కొట్టుకొనెను. ఇద్దరును పల్లము వైపు పడిరి. నీటివైపు పడకుండుట దైవానుగ్రహము. తల్లికి మోచేతి ఎముక విరిగి, రెండు నెలలు పొయ్యి దగ్గరకు పోలేకపోయెను. మేస్త్రిగారు బండిని స్టాండు వేసి నన్ను వ్రేలు పెట్టుమనిరి. చక్రముతోపాటు ఆర్మును కదలెను. కడ్డీ ఊడదీయగా అది ఎండిపోయి, ఒక ప్రక్క గాడి పడియుండెను. బుష్షు రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమున నుండెను. కొత్త షాకులలో ఏ లోపమును లేదు. మరి కొన్ని దినములు ఎట్లు బాగుండెను? షాకులు వేసినవారు పనిలో పనిగా ఇరుసు నట్టు బిగించి, గాలి కొట్టిరి. మేలు దానివలన కలిగెను. పేరు షాకులకు వచ్చెను. కాకియు తాటిపండును!

బుష్షులను, కడ్డీని కలిపి మార్చిరి. అరిగిన కడ్డీమీద కొత్త బుష్షు నిలువదు. బుష్షులను సుత్తితో కొట్టక వైసుతో నొక్కి ఎక్కించి, కడ్డీకి తగినట్లు రంధ్రము సాపుచేసి, గ్రీజు నింపిరి. షాకులు తగిలింపకముందు ఆర్మును పైకెత్తి విడువగా తన బరువుతో మెల్లగా దిగినది, ప్రక్కలకు ఆడలేదు. అదియే సరియైన గుర్తు. కొన్ని బండ్లకు రబ్బరు బుష్షులుండును. వానికి గ్రీజు పూయరాదు, రబ్బరు చెడును. బండి బరువుతో నేలమీద నున్నపుడు మాత్రమే వాని నట్టు బిగింపవలెను. ఆ కుర్రవాడు షాకులకు పెట్టిన ధనములో చిన్న భాగముతో పని ముగిసెను. వ్రేలు పెట్టి చూచుటకు మాత్రము ఏమియు ఖర్చు కాలేదు.

బరువును గూర్చి ఒక్క లెక్క. బుల్లెట్టు రెండు చక్రముల ఇరుసుల నడుమ దూరము సుమారు 1370 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసుకంటె 300 మిల్లీమీటర్లు వెనుకకు 50 కిలోల బస్తా కట్టినచో, వెనుక చక్రముమీద 50 గాక 61 కిలోలు పడును. ముందు చక్రము 11 కిలోలు తేలికయగును. నేలను పట్టి త్రోవ చూపవలసిన చక్రము తేలికయైనపుడు ఏ షాకును రక్షింపలేదు. బస్తాను ఇరుసునకు ముందుగా, సీటుమీదికి జరిపి కట్టుడు. పాలక్యానులు రెండు ప్రక్కలను సమానముగా వ్రేలాడవలెను.

సభాసదులారా! మనుమంచి భట్టు వంటి పూర్వకవి గుఱ్ఱముల లక్షణములను తెలుగున కావ్యముగా రచించెను. వాహనమును ఎరుగుట అక్షరాస్యునకు తక్కువ పనియని ఆనాటివారు తలపలేదు. మన గ్రంథాలయమునకు రెండు మనవులు చేసికొనుచున్నాను. పాత బండ్లతో వచ్చిన మరమ్మతు పుస్తకములు ఇండ్లలో అటకలమీద చెదలు పట్టుచున్నవి. వానిని ఇచ్చట చేర్చుడు. ఒక బైండు పుస్తకమును, ఒక నూలుత్రాడును, ఒక టేపును బల్లమీద ఉంచుడు. ఎవరి బండి ఊగినను, తేదీ, లక్షణము, చేసిన పరీక్ష, మార్చినది, కలిగిన ఫలితము అందు వ్రాయవలెను. ఒకమారు ఒక్కటే మార్చవలెను. మొదటి పుటకు గీతలు నేను గీసియిచ్చెదను. మొదటి పద్దు ఆ బుల్లెట్టుదే. వ్రాయుటకు ఆ యువకుడు సమ్మతించినాడు.

 ఇంటికి పోవునపుడు మీ మీ బండ్లకు సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రమును ఒక్కసారి పట్టి ఆడించి చూడుడు. సెలవు.